హ్యాండీమ్యాన్ పని సొంతంగా పెట్టాలంటే: ముందు ఏరియా చిన్నది చేసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఒక మెయింటెనెన్స్ కంపెనీలో నెలకు 22 వేలకు ప్లంబింగ్, కరెంటు పని రెండూ చేస్తున్నారు. అది మానేసి హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఇంటి రిపేర్ల పని సొంతంగా పెడదామని ఉంది. పెట్టుబడి ఎంత కావాలి, కస్టమర్లు ఎలా దొరుకుతారు, లోన్ తీసుకోవాలా, సామాన్లకు ఆటో ట్రాలీ కొనాలా అని అడిగారు. నేను 2016 నుంచి కేపీహెచ్‌బీ, నిజాంపేట, ప్రగతినగర్ మధ్యలో ఇదే పని చేస్తున్నా. ఇప్పుడు నాతో ఇంకో ముగ్గురు ఉన్నారు. పని మీకు వచ్చు కాబట్టి దాని గురించి చెప్పను, డబ్బు ఎక్కడ పోతుందో చెప్తా.

రోడ్డు మీద పోతుంది. మొదటి ఏడాది నేను ఎవరు ఫోన్ చేసినా వెళ్లేవాణ్ణి, వచ్చిన పని వద్దనకూడదని. ఒకరోజు పొద్దున ఎల్బీనగర్‌లో ఫ్లష్ ట్యాంక్, మధ్యాహ్నం మణికొండలో రెండు కర్టెన్ రాడ్లు, సాయంత్రం మళ్లీ ఇటొచ్చి మియాపూర్‌లో ఒక ట్యూబ్‌లైట్. రాత్రి కూర్చుని లెక్క వేస్తే చేతికొచ్చింది 1,100, పెట్రోలు, భోజనం పోను ఏడు వందల చిల్లర. పని చేసింది రెండు గంటలు కూడా లేదు, బండి మీద మాత్రం ఐదు గంటలు. అదే రోజు మా పక్క అపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన రెండు ఫోన్లకు రేపు వస్తానని చెప్పా, వాళ్లు వేరేవాళ్లను పిలుచుకున్నారు. అప్పటి నుంచి ఇంటికి మూడు కిలోమీటర్లు దాటితే పోవడం మానేశా. చుట్టాలు పిలిచినా సరే, వాళ్ల ఏరియాలో ఎవరైనా మంచి మేస్త్రీ నంబర్ ఇస్తా. అందరూ బిజినెస్ పెంచడమంటే ఏరియా పెంచడం అనుకుంటారు గానీ నా అనుభవంలో అది ఉల్టా. ఒకే గేటు లోపలికి వారానికి నాలుగుసార్లు వెళ్లగలిగితే అదే పెరగడం.

పెట్టుబడి గురించి. నాకు మొదట్లో అయింది 18 వేలు, బండి అప్పటికే ఉంది. హ్యామర్ డ్రిల్, టెస్టర్, మల్టీమీటర్, పైప్ రెంచి, స్క్రూడ్రైవర్ల సెట్, నిచ్చెన, ఇంకా అలాంటివి. ఇప్పుడు రేట్లు పెరిగాయి, కొంచెం ఎక్కువే అవుతుంది. అయితే పనిముట్ల కంటే సామాన్ల బ్యాగు ముఖ్యం, దాని మీద ఎవరూ డబ్బు పెట్టరు. నల్లా వాషర్లు, స్పిండిళ్లు, హాఫ్ ఇంచి యాంగిల్ కాక్‌లు, రెండు సైజుల్లో కనెక్షన్ పైపులు, టెఫ్లాన్ టేపు, ఎంసీల్, సిలికాన్, 6 ఆంపియర్లవి 16 ఆంపియర్లవి స్విచ్చులు సాకెట్లు, రెండు మూడు ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చులు), తలుపు గడియలు, బందులు, ఫ్యాన్ కెపాసిటర్లు 2.5 మైక్రోఫారడ్‌వి, 3.15వి. ఇవన్నీ ఎప్పుడూ బ్యాగులో ఉండాలి. ఫ్యాన్ స్లోగా తిరుగుతోందని ఫోన్ వస్తే చాలాసార్లు కెపాసిటరే పోయి ఉంటుంది, పది నిమిషాల పని. అది బ్యాగులో లేకపోతే మీరు కిందికి దిగి, షాపు వెతుక్కుని, బేరం ఆడి, మళ్లీ ఐదో అంతస్తు ఎక్కేసరికి గంట పోతుంది, ఆ గంటకు ఎవరూ డబ్బులివ్వరు. నేను నెలకోసారి పొద్దున్నే ట్రూప్ బజార్ వెళ్లి కరెంటు సామాను, నల్లాల సామాను ఒకేసారి తెచ్చుకుంటా. మోటార్ల స్పేర్లు కావాలంటే రాణిగంజ్. గల్లీ షాపులో కొనేదానికి అక్కడ కొనేదానికి తేడా బాగానే ఉంటుంది, పైగా పాడైన ముక్క చేతిలో పెట్టి చూపిస్తే సరిగ్గా అదే తీసిచ్చే ముసలి షావుకార్లు ఇంకా ఉన్నారక్కడ.

రేటు విషయంలో మొహమాటం వద్దు. ఇంటికొచ్చి చూసినందుకు 200, పని చేయిస్తే అది కూలీలో కలిసిపోతుంది, ఈ మాట ఫోన్‌లోనే చెప్పాలి. "పది నిమిషాల పనికి ఇంతా?" అనేవాళ్లు ఉంటారు. నేను ముందు ఇలాంటి వాళ్లతో వాదించేవాణ్ణి, ఇప్పుడు వాదించను, ఇంట్లో ఇంకేమైనా పనులుంటే ఒకేసారి చెప్పండి మేడం అంటా. లూజైన హ్యాండిల్, ఊగుతున్న బాత్రూం తలుపు, గోడకి కొట్టాల్సిన దేవుడి పటం, వెతికితే ప్రతి ఇంట్లో నాలుగైదు ఉంటాయి, 250 కాస్తా 700 అవుతుంది, వాళ్లకీ నయం. ఇంకో సంగతి, మన వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లే, ఉప్పు ఎక్కువ, నల్లా మూతిలో జాలీకి తెల్లగా పేరుకుపోయి నీళ్లు సన్నగా వస్తాయి. దానికి ఎవరైనా ఫోన్ చేస్తే నేను వెళ్లను, జాలీ తిప్పి తీసి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టమని ఫోన్‌లోనే చెప్తా, ఫ్రీగా. ఆ తర్వాత వాళ్లింట్లో గీజర్ పాడైతే ఎవరికి ఫోన్ చేస్తారో మీరే ఊహించుకోండి.

వెళ్లే ముందు వాట్సాప్‌లో ఫొటో అడగండి, డ్రిల్లింగ్ పని అయితే మరీ. పాత ఇళ్లలో ఎర్ర ఇటుక గోడ, స్క్రూ పట్టు కోసం కన్నంలో పెట్టే మామూలు ప్లగ్ చాలు, పట్టేస్తుంది. కొత్త వాటిలో కొన్నిచోట్ల తెల్లటి లైట్‌వెయిట్ బ్లాకులు, ఈజీగా తొలుస్తుంది గానీ ప్లగ్ పట్టు ఉండదు, 55 అంగుళాల టీవీ అలాగే తగిలిస్తే ఒకరోజు కింద ఉంటుంది, వాటికి పొడవాటి వేరే రకం ప్లగ్గులు వాడాలి. పెద్ద టవర్లలో మీవాన్ గోడలు, మొత్తం కాంక్రీటే, లోపల ఇనుము తగిలిందంటే బిట్ కాలిపోతుంది, ఒక్కో కన్నానికి పావుగంట. మూడింటికీ ఒకటే రేటు చెప్పారంటే మునిగినట్టే.

నేను మునిగింది మాత్రం గోడ రకం తెలియక కాదు. 2018లో ప్రగతినగర్‌లో నాలుగో అంతస్తు, బాత్రూంలో టవల్ రాడ్ బిగించాలి. ఆ మేడం చేత్తో చూపించి "ఇక్కడే బాబూ" అంది, నేను గుర్తు పెట్టి డ్రిల్ ఆన్ చేశా. రెండు కన్నాలు బాగానే వచ్చాయి, మూడోదాంట్లో డ్రిల్ ఒక్కసారి మెత్తగా లోపలికి పోయింది. బిట్ బయటికి లాగగానే నీళ్లు పిచికారీలా మొహం మీద కొట్టాయి. లోపల సీపీవీసీ పైపు, అంటే ప్లాస్టిక్ నీళ్ల పైపు ఉంది. ఆ ఫ్లాట్ నీళ్లు ఆపే వాల్వు పైన టెర్రస్ మీద, టెర్రస్ తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి పోయాడు. ఇరవై నిమిషాలు ఆ కన్నం మీద బొటనవేలు అదిమిపెట్టి నిలబడ్డా, ఆమె పాపం బకెట్లు మారుస్తోంది, నీళ్లు అప్పటికే హాల్లోకి పోయాయి. రెండు టైల్స్ పగలగొట్టి పైపు అతికించా, అదే డిజైన్ టైల్స్ ఎక్కడా దొరకలేదు, చివరికి వేరేవి పెట్టి మొత్తం 4,800 నా జేబులోంచి కట్టా. 300 పనికి. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, నల్లా వాషర్ మార్చడానికైనా సరే, ముందు వాల్వు ఎక్కడుందో చూసి, తిప్పి అది పనిచేస్తోందో లేదో చూస్తా. నల్లాలకు, షవర్‌కు, గీజర్ పాయింట్‌కు నిలువుగా పైనా కిందా, స్విచ్ బోర్డులకు నిలువుగా, డ్రిల్ పెట్టను. తప్పదంటే పైపులు వేసినప్పటి ఫొటోలు బిల్డర్ దగ్గరో ఓనర్ ఫోన్‌లోనో ఉన్నాయేమో అడుగుతా. అన్నట్టు ఆ మేడం ఇప్పటికీ నన్నే పిలుస్తుంది, డబ్బు కట్టినందుకే అనుకుంటా.

కరెంటు పనిలో ఒక గీత గీసుకోండి. స్విచ్, ఫ్యాన్, లైటు, సాకెట్ ఉన్నదాని చోట అలాంటిదే మార్చడం వరకు పర్వాలేదు. కొత్త వైరింగ్, లోడ్ పెంచడం, మీటర్ దగ్గర పని, ఇవి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ చేయాలనేది రూలు. నాకు తెలిసిన కాంట్రాక్టర్ ఒకాయన ఉన్నాడు, అటు పంపిస్తా, ఆయన చిన్న పనులు ఇటు పంపిస్తాడు. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌కి కలపమనేవాళ్లు ప్రతి చలికాలం ఉంటారు. మీరు కాదంటే వేరేవాడు చేస్తాడు, చేయనివ్వండి.

కస్టమర్ల సంగతి. విజిటింగ్ కార్డులు వెయ్యి కొట్టించా, ఇంకా ఆరేడు వందలు ఇంట్లో ఉన్నాయి, మా పాప వెనకవైపు లెక్కలు చేసుకుంటోంది. ఒక యాప్‌లో కూడా ఏడాది చేశా, పని దొరికేది గానీ కమిషన్ పోయేది, పైగా ఎటు పంపితే అటు పోవాలి, అంటే మళ్లీ రోడ్డే. అసలు పని ఇచ్చేది వాచ్‌మన్. నల్లా లీకైతే ఇంట్లోవాళ్లు ముందు కిందికి ఫోన్ చేసి "ఎవరైనా ప్లంబర్ ఉన్నాడా?" అనే అడుగుతారు. ప్రతి పనికి ఆయనకు యాభయ్యో వందో ఇస్తా, ఆయన రూంలో ఫ్యాన్, బల్బు ఊరికే చేసిపెడతా. దీన్ని లంచం అనుకుంటే ఈ లైన్‌లో కష్టం. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, అందులో మీరు మెసేజ్ పెట్టకూడదు, పని చేయించుకున్నవాళ్లు పెట్టాలి. అడిగితే పెడతారు, కానీ చెప్పిన టైంకి వచ్చి ఉంటేనే. పదకొండుకి వస్తానని చెప్పి పదకొండున్నర అయ్యేట్టుంటే పదిన్నరకే ఫోన్ చేయండి, ఈ ఒక్క పని చేసేవాడు సిటీలో దొరకడు.

సీజన్ చూసుకోండి. ఆషాఢంలో ఖాళీ, శ్రావణం రాగానే గృహప్రవేశాలు. కొత్త ఫ్లాట్ ఒక్కటి దొరికితే కర్టెన్ రాడ్లు, గీజర్లు, బట్టలారేసే హ్యాంగర్లు, పావురాల నెట్లు కలిపి రెండు రోజుల పని. మేలో బడి సెలవుల్లో ఇళ్లు మారేవాళ్లు. నా ఆదాయం నిజంగా పెరిగింది మాత్రం అమెరికాలో ఉండే ఓనర్ల వల్ల. ఫ్లాట్ ఇక్కడ, వాళ్లు డాలస్‌లో, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తే వెళ్లి చూసేవాళ్లు లేరు. నేను వెళ్లి ఒక్కో గది వీడియో తీసి పంపిస్తా, ఏం పాడైంది, ఎంతవుతుంది రాసిస్తా, పెయింటింగ్, క్లీనింగ్ కూడా నేనే మాట్లాడి తాళం అప్పగిస్తా. అలాంటి ఫ్లాట్లు 26 ఉన్నాయి, అన్నీ నా మూడు కిలోమీటర్లలోనే. వాళ్లు రేటు కంటే ఫొటోలు, బిల్లులు చూస్తారు, ఐదు రూపాయల వాషర్‌కి కూడా బిల్లు పెట్టండి.

మనుషుల్ని పెట్టుకోవడం ఇందులో అన్నిటికంటే కష్టం. మొదట పెట్టుకున్న కుర్రాడు ఏడాది నేర్చుకుని నా కస్టమర్ల నంబర్లతో వెళ్లిపోయాడు. కోపం వచ్చింది గానీ, మీరూ ఇప్పుడు అదే చేయబోతున్నారు కదా. ఇప్పుడైతే జీతం తక్కువ, కూలీలో వాటా ఎక్కువ ఇస్తున్నా, ఫోన్లు మా ఆవిడ తీస్తుంది, ఎవరు ఎక్కడికి వెళ్లాలో ఆమె చెప్తుంది. నంబర్లు ఇంట్లోనే ఉంటాయి.

లోన్ ఇప్పుడే వద్దు. కావాలంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్లలో శిశు అనే రకం కింద 50 వేల వరకు ఉంది. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ స్కీము గురించి అందరూ అడుగుతారు, అందులో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగి, తాపీ, తాళాల పని ఉన్నాయి గానీ ప్లంబర్, ఎలక్ట్రీషియన్ లేవు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం, ఆన్‌లైన్‌లో ఫ్రీ, అది చేసుకోండి, డబ్బులడిగే ఏజెంట్ దగ్గరికి పోకండి. జీఎస్టీ మీ పనికి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే. ఉద్యోగం మానే ముందు ఆరు నెలలు ఆదివారాలు మాత్రం చేసి చూడండి, మీ కంపెనీ కస్టమర్ల జోలికి పోకుండా.

ఇక ట్రాలీ. వద్దు. బ్యాగు బండి మీద పట్టేస్తుంది, పట్టనిది నిచ్చెన ఒక్కటే. నేను ఆరడుగుల నిచ్చెనలు మూడు సెకండ్‌హ్యాండ్‌లో కొని మూడు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో గొలుసు వేసి పెట్టా, తాళంచెవి వాచ్‌మన్ల దగ్గరే. వాళ్లూ వాడుకుంటారు. ఏ ఫ్లాట్‌లో నిచ్చెనతో పని పడ్డా అది ఎవరిదో చెప్పి నా నంబరే ఇస్తారు.