మిక్సీ బాగుచేసే బాబుకు పుస్తకమంటే భయం

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా బాబు ఒడియా మీడియంలో ఆరో తరగతి. మాటల్లో చురుకు, పాడైన మిక్సీ విప్పి బాగుచేస్తాడు. పుస్తకం తీస్తే మాత్రం ఏడుపే. స్పెషల్ స్కూల్లో వేయమని మాస్టారు అంటున్నారు. వీడి భవిష్యత్తు తలచుకుంటే టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: అమ్మా, ఇప్పుడే బడి మార్చకండి. మీవైపు పిల్లల విషయంలో ముందు ఒక చిక్కు విప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. భాష పట్టుబడక వెనకబడిన పిల్లాడూ, డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లాడూ పైకి ఒకేలా కనిపిస్తారు.

రాత్రి అన్నం పెడుతూ తెలుగులోనే అడిగి చూడండి. ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుంది? ‘గిలక’కి ప్రాస కలిసే మాట ఏది? టకటకా చెప్పేస్తే ఇబ్బంది ఒడియాతోనే కావచ్చు. తెలుగులోనూ తడుముకుంటుంటే డిస్లెక్సియా ఉందేమో చూపించాలి. ఇది ఆనవాలు మాత్రమే, తేల్చాల్సింది నిపుణులే. జిల్లా ఆసుపత్రిలో అడగండి, అక్కడ వీలుకాకపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి వెళ్లండి. ఇంటి భాష తెలుగని డాక్టరుకు ముందే చెప్పండి. లేకపోతే ఒడియా రాకపోవడం కూడా లోపం కిందికి వచ్చేస్తుంది.

డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే 18 ఏళ్ల దాకా చదువు ఉచితం. దగ్గర్లోని మామూలు బడా, స్పెషల్ స్కూలా అన్నది మీ ఇష్టం. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇచ్చే ఏర్పాట్లు చేయాలని 17వ సెక్షన్ చెబుతోంది. మూడు భాషల మధ్య నలిగే మీ బాబుకు ఈ చివరిది చాలా పెద్ద ఊరట. పదో తరగతి దాకా ఆగకుండా ముందే హెడ్మాస్టరుకు కాగితం మీద రాసివ్వండి.

సర్టిఫికెట్ వచ్చేలోపు మాస్టారిని రెండు కోరండి. అందరి ముందూ నిలబెట్టి చదివించొద్దనండి. పిల్లాడి మనసు విరిగేది అక్కడే. ప్రశ్న చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పనివ్వమనండి.

ఇక ఉద్యోగం మాట. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు, దానికి పదో తరగతి పాసవ్వాలి. అందుకే బడి మాన్పించొద్దని ఇంతగా చెబుతున్నాను. మాస్టారిని కలిసినప్పుడు ఆ మిక్సీ సంగతి కూడా చెప్పండి.