బొడ్డు లైన్ ఉన్న బిడ్డ నీ చేతికొస్తే

పర్లాకిమిడి

చెల్లెమ్మా,

బరంపురంలో ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) డ్యూటీ పడిందన్నావు. బొడ్డు లైన్ అంటే బొడ్డు సిరలోంచి మందులు, ద్రవాలు ఎక్కించే సన్నటి ట్యూబు. లైన్ పెట్టడం డాక్టరు గారి కాసేపటి పని. తర్వాత రాత్రింబవళ్లు దాన్ని కాపాడాల్సింది సిస్టర్లే.

కోసిన బొడ్డు కాడలో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. సిర గోడ పల్చన, నోరు వెడల్పు; మామూలుగా పైవైపున కనిపిస్తుంది. కిలోన్నర లోపు బిడ్డకి 3.5 ఫ్రెంచ్, ఆపైన 5 ఫ్రెంచ్ కాథెటర్ (ఆ ట్యూబే; ఫ్రెంచ్ అంటే దాని లావు కొలత) సిద్ధం చెయ్యి. ముందే సెలైన్‌తో నింపి స్టాప్‌కాక్ (ట్యూబు చివరి చిన్న కుళాయి) మూసెయ్యి. తెరిచి ఉంటే బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు గాలి లోపలికి పోతుంది.

ఎంత లోతు? బరువును కిలోల్లో 1.5తో గుణించి 5.5 కలిపితే సెంటీమీటర్లు వస్తాయి. కిలో బిడ్డకి 7, దానికి కాడ పొడవు కలపాలి. ఇది అంచనాయే, ఎక్స్‌రే చూడందే నమ్మకు. కొస డయాఫ్రమ్‌కి (ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే కండర పొర) కాస్త పైన, కింది మహాసిర గుండెలో కలిసే చోట ఉండాలి. కాలేయంలో ఆగితే గాఢమైన గ్లూకోజు, కాల్షియం అక్కడ పుండు చేస్తాయి. గుండెలోకి దూరితే లయ తప్పుతుంది, గుండె చుట్టూ నీరు చేరవచ్చు. లైన్ ఉన్న బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయి బీపీ పడిపోతే ముందు గుండె చుట్టూ నీరు చేరిందేమోనని అనుమానించు: డ్రిప్ ఆపు, డాక్టరుని పిలు. లోతు ఎక్కువైతే వెనక్కి లాగవచ్చు. స్టెరైల్ గుడ్డలు తీసేశాక లోపలికి మాత్రం తొయ్యకూడదు.

చర్మం శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్ మందు వీపు కింద నిలవనివ్వకు, నెలలు నిండని చర్మం కాలిపోతుంది.

ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా హబ్ (సిరంజి తగిలించే చివర) దగ్గరే మొదలవుతుంది. తెరిచే ముందు ప్రతిసారీ స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వు. ఆరకముందే సిరంజి తగిలిస్తే రుద్దిన శ్రమ వృథా. హడావిడిలో అందరూ తప్పేది ఇక్కడే.

రాయగడ వైపు నుంచి ఘాట్ రోడ్డు మీద వచ్చే బిడ్డకి దించగానే ట్యూబు మీది సెంటీమీటరు గుర్తు చూసి రిఫరల్ చీటీతో పోల్చు. కుదుపులకి టేపు సడలుతుంది. డైపరు కాడకి కింద మడతపెట్టు. తల్లులకి బొడ్డుకి నూనె, పసుపు రాసే అలవాటుంటుంది. ఒడియాలో నెమ్మదిగా చెప్పు. మన తెలుగువాళ్లకీ చెప్పాలి సుమా!

పిక్ లైన్ (చేతి లేదా కాలి సిరలోంచి గుండె దగ్గరి దాకా వెళ్లే సన్నటి ట్యూబు) అయితే 10 మి.లీ. కంటే చిన్న సిరంజితో ఫ్లష్ చెయ్యకు (సెలైన్‌తో కడగకు), ఒత్తిడికి ట్యూబు పగులుతుంది. సన్నటి లైన్‌లో రక్తం ఎక్కించకు.

రౌండ్స్‌లో రోజూ అడుగు: ‘ఈ లైన్ ఇవాళ అవసరమా?’ బొడ్డు లైన్‌ని 14 రోజులు దాటనివ్వకూడదు, చాలా యూనిట్లు వారానికే తీసేస్తాయి. పాలు కిలోకి రోజుకి 120 మి.లీ. దాకా అరుగుతుంటే ఇక ఉంచనక్కర్లేదు. తీసేటప్పుడు బిగుసుకుంటే బలవంతం చెయ్యకు, ఆగి డాక్టరుకి చెప్పు. బయటికొచ్చిన ట్యూబు కొలిచి, కొస తెగలేదని చూసి కేసు షీటులో రాయి.

ఇట్లు,
మీ పెద్దక్క