ప్లేస్టేషన్ 4 నుంచి 5కి మారితే నిజంగా తేడా తెలుస్తుందా?

మీ టీవీ 1080పీ అనీ, మీ దగ్గరున్న ప్లేస్టేషన్ 4 ఆటలు చాలావరకు డిస్కులేననీ, ఈ పరిస్థితిలో ప్లేస్టేషన్ 5 కొంటే డబ్బు వృథా అవుతుందేమోననీ అడిగారు. నేను కూడా చాలా ఏళ్లు పాత కన్సోల్‌పై ఆడి, 1080పీ టీవీ మార్చకుండానే కొత్తదానికి మారాను. తేడా తప్పకుండా తెలుస్తుంది. కాకపోతే అది ముందుగా కనిపించేది బొమ్మలో కాదు, స్టోరేజీలో.

ప్లేస్టేషన్ 4లో ఉన్నది నిమిషానికి 5400 సార్లు తిరిగే మామూలు హార్డ్ డిస్క్. డిస్కుపై చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను దాని రీడింగ్ హెడ్ అటూ ఇటూ కదులుతూ ఏరుకోవాలి కాబట్టి, 1 జీబీ సమాచారం మెమరీలోకి రావడానికి దాదాపు 20 సెకన్లు పట్టేదని ఈ కన్సోళ్ల రూపకర్త మార్క్ సెర్నీ 2020 మార్చి ప్రసంగంలో చెప్పారు. ప్లేస్టేషన్ 5కి ఆయన బృందం పెట్టుకున్న లక్ష్యం 2 జీబీకి 0.27 సెకన్లు. అందుకోసం సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచే డ్రైవ్)తో పాటు, కుదించిన ఫైళ్లను విప్పడానికి విడిగా ఒక హార్డ్‌వేర్ భాగాన్నే పెట్టారు. ప్రాసెసర్‌పై ఆ భారం పడదు. దీని ఫలితం నా ఆటతీరులోనే కనిపించింది. ఓడిన ప్రతిసారీ నిమిషం సేపు ఎదురుచూడలేక ఎప్పుడూ సులువైన స్థాయిలో ఆడే నేను, మళ్లీ మొదలుపెట్టడం క్షణాల పని కావడంతో కఠినమైన స్థాయికి మారిపోయాను. అయితే పాత ఆటల దగ్గర ఇంత వేగం ఆశించకండి. అవి హార్డ్ డిస్కును దృష్టిలో పెట్టుకుని రాసినవి కనుక, లోడింగ్ తగ్గుతుందే కానీ మాయమవదు.

ఇక బొమ్మ సంగతి. 4కే స్పష్టత మీ టీవీలో పూర్తిగా కనిపించదన్నది నిజమే. కానీ పాత కన్సోల్‌లో సెకనుకు 30 ఫ్రేములకే పరిమితమైన ఆటలు చాలావాటికి ఇప్పుడు 60 ఫ్రేముల పెర్ఫార్మెన్స్ మోడ్ ఉంది, దాన్ని చూపడానికి 60 హెర్ట్జ్ టీవీ చాలు. ఇందులో గ్రాఫిక్స్ చిప్‌కు ఎంత వాటా ఉందో, ప్రాసెసర్‌లో 1.6 గిగాహెర్ట్జ్ జాగ్వార్ కోర్ల స్థానంలో 3.5 గిగాహెర్ట్జ్ వరకు వెళ్లే, వాటికంటే కొత్తవైన జెన్ 2 కోర్లు రావడానికీ అంత వాటా ఉంది. పాతదానికి 1.84, కొత్తదానికి 10.28 అంటూ టెరాఫ్లాప్స్ (గ్రాఫిక్స్ చిప్ లెక్కలు చేసే వేగానికి కొలత) పోల్చుకుంటూ కూర్చోవడం నా దృష్టిలో కాలక్షేపమే.

ప్లేస్టేషన్ 5 మొదటి మోడల్‌లో స్టోరేజీ 825 జీబీ అని రాసి ఉన్నా, మనకు మిగిలేది సుమారు 667 జీబీ. 2021 సెప్టెంబరు అప్‌డేట్ నుంచి లోపలి ఎం.2 స్లాట్‌లో (చిన్న పట్టీలాంటి ఎస్ఎస్‌డీ పట్టే చోటు) మరో ఎస్ఎస్‌డీ వేసుకోవచ్చు. ఇక్కడే నేను తప్పు చేశాను. ఎస్ఎస్‌డీ నాలుగో తరం (పీసీఐఈ 4.0) రకమా, వేగం సరిపోతుందా అని మాత్రమే చూసి, వేడి తగ్గించడానికి దానిపైన బిగించే హీట్‌సింక్ ఎత్తు కొలవలేదు. మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు; నాది దాటింది, స్లాట్ మూత పడలేదు, హీట్‌సింక్ మళ్లీ కొనవలసి వచ్చింది. మీ దగ్గర పాత యూఎస్‌బీ హార్డ్ డిస్క్ ఉంటే పారేయకండి. ప్లేస్టేషన్ 4 ఆటలు దాని నుంచే నేరుగా నడుస్తాయి. ప్లేస్టేషన్ 5 ఆటలను మాత్రం అందులో దాచుకోగలమే తప్ప ఆడలేము.

డిస్కులున్నాయి కాబట్టి డిస్క్ డ్రైవ్ ఉన్న మోడలే తీసుకోండి. 2023లో వచ్చిన సన్నని డిజిటల్ మోడల్‌కైతే డ్రైవ్‌ను తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు, కానీ మొదటిసారి దాన్ని జత చేయడానికి ఇంటర్నెట్ కావాలి. మీ పాత కంట్రోలర్ ప్లేస్టేషన్ 4 ఆటలకే పనికొస్తుంది. ఇద్దరు కలిసి కొత్త ఆటలు ఆడాలనుకుంటే రెండో డ్యూయల్‌సెన్స్ (ప్లేస్టేషన్ 5 కంట్రోలర్) ఖర్చును కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి.