ఇచ్చిన పని చేస్తే లీడ్ చేస్తారా?

ప్రశ్న: హెచ్-1బి వీసా మీద డాలస్ వచ్చి మూడేళ్ళయింది. ఇచ్చిన పని గడువులోపే చేస్తాను. ఇచ్చిన పనిలో తప్పులు రానివ్వను. అయినా నా తర్వాత చేరిన ఆయన్ని టీమ్ లీడ్ చేశారు. నేనేం చేయాలి?

జవాబు: మీ నాలుగు మాటల ప్రశ్నలో "ఇచ్చిన పని" అని రెండుసార్లు రాశారు. నాకు అక్కడే విషయం కనిపించింది. మన చదువుల్లో, మన దగ్గరి ఉద్యోగాల్లో ఇచ్చింది సరిగ్గా చేస్తే మంచి పేరొస్తుంది. ఇక్కడ లీడ్ కావాలంటే అది చాలదు. పని ఎక్కడ ఆగబోతోందో ముందే చూసి, నలుగురిలో చెప్పేవాళ్ళ కోసం మేనేజర్లు వెతుకుతారు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. వచ్చిన కొత్తలో ఒక ప్రాజెక్టులో డేటా మార్చే పని రెండు వారాలు ఆలస్యమవుతుందని నాకు ముందే తెలిసింది. రాత్రిళ్ళు కూర్చుని పూర్తి చేద్దాంలే అనుకుని, ప్రతి మీటింగులో "అంతా బాగానే ఉంది" అన్నాను. రిలీజ్‌కి మూడు రోజుల ముందు బయటపడింది. మేనేజర్ ఆలస్యానికి కోప్పడలేదు. "ముందే చెప్తే ఇద్దర్ని ఇచ్చేదాన్ని కదా" అని బాధపడింది. ఆ తర్వాత ఏడాది పాటు నాకు పెద్ద పనేదీ రాలేదు.

అప్పటి నుంచి తెలిసిన రోజే చెప్తున్నాను. ఊరికే సమస్య చెప్పి వదిలేయను. ఏది తగ్గిస్తే గడువుకి అందుతుందో, ఏదీ తగ్గించకపోతే ఎన్ని రోజులు పడుతుందో కూడా చెప్తాను.

మీటింగులో మాట్లాడకపోతే మన ఇంట్లో దాన్ని పెద్దల పట్ల గౌరవం అంటారు. ఇక్కడ మీకు చెప్పడానికేమీ లేదనుకుంటారు. అప్పటికప్పుడు మాట రాకపోతే ముందు రోజే ఒక ప్రశ్న రాసుకుని, మొదటి పది నిమిషాల్లోనే అడిగేయండి. యాస గురించి టెన్షన్ వద్దు, నెమ్మదిగా మాట్లాడితే చాలు. టీమ్‌లో వేరే భాషల వాళ్ళున్నప్పుడు మాత్రం తెలుగులో మాట్లాడుకోకండి. పక్కన పెట్టేశారని వాళ్ళకి అనిపిస్తే, రేపు మీ మాట వినరు.

ఇంకోటి. లీడ్ అవ్వాలని ఉందని మేనేజర్‌కి ఎప్పుడైనా చెప్పారా? ప్రశ్నలో ఆ మాట లేదు. అడగందే అమ్మైనా పెట్టదు. మేనేజర్‌తో విడిగా జరిగే వన్ ఆన్ వన్‌లో స్టేటస్ చదవడం మానేసి, నాలో ఏం తక్కువైందో చెప్పండి అని సూటిగా అడగండి.

టైటిల్ మారితే గ్రీన్‌కార్డు ఆగిపోతుందని కొందరు లీడ్ వద్దంటారు. ఆ భయంలో కొంత నిజముంది. గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టయిన పెర్మ్ (కార్మిక శాఖ ధ్రువీకరణ) ఫలానా ఉద్యోగ వివరాల మీద నడుస్తుంది కాబట్టి, చేసే పని బాగా మారితే మళ్ళీ మొదలుపెట్టాల్సి రావచ్చు. హెచ్-1బికి అమెండ్‌మెంట్ (సవరణ దరఖాస్తు) వేయాల్సి రావచ్చు. కానీ ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఒకసారి ఆమోదం పొందాక, కొత్తగా వేసినా పాత ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం చెప్పే తేదీ) సాధారణంగా మీతోనే ఉంటుంది. ప్రమోషన్ మాట రాగానే కొత్త బాధ్యతలు రాయించుకుని ఇమిగ్రేషన్ లాయరుకి చూపించండి. స్నేహితులు చెప్పారని వదులుకోకండి.

లీడ్ అయిన ఆయనతో ముభావంగా ఉండకండి. ఈ వారమే కాఫీకి పిలిచి, టీమ్‌లో ఎవరూ ముట్టుకోని పని ఏదుందో అడగండి. అది నేను చూస్తానని చెప్పండి.