కొలంబియా లోయ గురించి రాసిన అమ్మాయికి

చి. మాధవికి,

అమెరికాలో కొలంబియా నది లోయ చూసొచ్చి నువ్వు రాసిన వ్యాసం రెండో పేరాలోనే ఆగిపోయాను. "కోట్ల ఏళ్ళుగా కొలంబియా నది ఓపికగా చెక్కిన శిల్పం" అన్నావు. ఎవరు చెప్పారమ్మా నీకు? కాస్కేడ్ కొండలు లేస్తుంటే నది కోసుకుంటూ వచ్చిన మాట నిజమే. కానీ ఆ గోడలు అంత నిటారుగా నిలిచింది ఓపిక వల్ల కాదు. మంచుయుగం చివర్లో, సుమారు 15,000 ఏళ్ళ కిందట, మంచు నాలుక ఒకటి క్లార్క్ ఫోర్క్ నదికి అడ్డంపడి, మాంటానాలో మిజౌలా సరస్సు నిలిచింది. కట్ట తెగితే సరస్సంతా రోజుల్లో ఖాళీ. మళ్ళీ మంచు పేరుకోవడం, మళ్ళీ తెగడం. అలా పదులసార్లు. ఆ వరదలు లోయ గోడల్ని గొరిగేస్తే, పక్కవాగులు పైనే వేలాడిపోయాయి. నువ్వు సెల్ఫీ దిగిన మల్ట్‌నోమా జలపాతం, ఆ 620 అడుగుల ధార, అలాంటి వాగుదే.

1923లో హార్లెన్ బ్రెట్జ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ మహావరద మాట ఎత్తితే పెద్దలెవరూ నమ్మలేదు. 1927లో వాషింగ్టన్ నగరంలో భూగర్భ శాస్త్రవేత్తల సభకి పిలిచి మరీ దులిపారు. వాళ్ళకి కావలసిందీ నీ వాక్యమే: నది, ఓపిక, కోట్ల ఏళ్ళు. 1979లో ఆ శాస్త్రంలో పెద్ద గౌరవమైన పెన్‌రోజ్ పతకం ఇచ్చేసరికి ఆయనకి తొంభై దాటాయి.

అందుకే చెబుతున్నా, రాయిని చూడకముందే పోలిక వెతుక్కోకు. ఈమధ్య అందరికీ ఇదే జబ్బు, కొండ కనబడితే చాలు ధ్యానంలో ఉన్న ముని అంటారు.

మీ అమ్మగారు తడిరాళ్ళ మీద చెప్పులు చేత్తో పట్టుకుని "మా పంగిడి రాళ్ళలానే ఉన్నాయే" అన్నారని, అందరూ నవ్వారని ఒక్క ముక్కలో తేల్చేశావు. నవ్వాల్సింది ఆవిడ! లోయ గోడల్లోని నల్లరాయి ఎక్కువభాగం 1.6 కోట్ల ఏళ్ళనాటి లావా. తూర్పున నేల చీలికల్లోంచి పొంగి, పసిఫిక్ దాకా పారింది. కొవ్వూరు దగ్గర పంగిడి రాయీ లావాయే, దాదాపు 6.5 కోట్ల ఏళ్ళది. దక్కన్ పడమటి కొసన పుట్టి, వెయ్యి కిలోమీటర్లు పారి గోదావరి ఒడ్డుకొచ్చిందంటారు. ఆవిడ కంటికి ఆనింది నీకు ఆనలేదు.

పంగిడి క్వారీ మీద నేనూ రాశాను, ముప్పయ్యో ఏట. లావా పొరల మధ్య సున్నపురాయిలో గుల్లలుంటాయి. రాయి కొట్టే ముసలాయన ఒకటి నా చేతిలో పెట్టి, "లోపల సముద్రం ఉందండి" అన్నాడు. ఓ సంపాదక మహాశయుడు ఆ మాట కొట్టేసి, "ప్రకృతిమాత ఒడిలో" అని అచ్చేశాడు. నా పేరుతోనే! ఆ పత్రిక మూతపడి పాతికేళ్ళయింది, నా కోపం ఇంకా మూతపడలేదు.

పుస్తకం సంగతి అడిగావు. తర్వాత చూద్దాం. ముందు మీ అమ్మగారికి ఫోన్ చెయ్యి. పంగిడిలో ఏ క్వారీ చూశారో, ఎవరితో వెళ్ళారో, చిన్నప్పుడు అక్కడేం ఏరుకున్నారో అడుగు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. దిద్దకు.