మా ఏసీలో ఉన్న ఆర్-410ఏ గ్యాస్‌ను నిషేధించారట, యూనిట్ మొత్తం మార్చాల్సిందేనా?

అక్కర్లేదండీ. వేరే కారణాలతో మార్చాల్సి రావచ్చేమో గానీ, ఈ కారణంతో మాత్రం అక్కర్లేదు.

మీరు రాసినదాన్ని బట్టి మీ ఇల్లు డాలస్ దగ్గర, ఏసీ 2015 నాటిది, ఈ మధ్య చల్లదనం తగ్గింది. చూడటానికి వచ్చినతను "ఈ గ్యాస్‌ని గవర్నమెంటు బ్యాన్ చేసింది, ఇక నింపడం కుదరదు" అని చెప్పి, కొత్త సిస్టమ్‌కి కొటేషన్ చేతిలో పెట్టి వెళ్ళాడు. అతను చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. అందుకే చాలామంది బెదిరిపోయి సంతకం పెట్టేస్తున్నారు.

అసలు నిబంధన ఇదీ. 2020 డిసెంబరులో ఎయిమ్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం వచ్చింది. హెచ్ఎఫ్‌సీ రకం గ్యాసుల (ఏసీల్లో, ఫ్రిజ్‌లలో చల్లదనం కోసం వాడేవి, ఆర్-410ఏ కూడా వీటితోనే తయారవుతుంది) ఉత్పత్తినీ దిగుమతినీ 2036 నాటికి 85 శాతం తగ్గించాలని అందులో ఉంది. దాని కింద 2023లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఒక హద్దు గీసింది. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌ని 1 అనుకుంటే, ఇళ్ళకు కొత్తగా వచ్చే ఏసీల్లో, హీట్ పంపుల్లో (చల్లదనంతో పాటు చలికాలంలో వేడినీ ఇచ్చేవి) వాడే గ్యాస్ 700 దాటకూడదు. ఆర్-410ఏ లెక్క 2,088. కాబట్టి ఆ గ్యాస్‌తో నడిచే కొత్త సిస్టమ్‌లను 2025 జనవరి 1 నుంచి తయారు చేయకూడదు, దిగుమతి చేసుకోకూడదు. నిషేధం అంటున్నది దీన్నే. ఇప్పటికే మీ ఇంట్లో ఉన్న ఏసీని వాడుకోవడం మీద, రిపేరు చేయించుకోవడం మీద, అందులో ఆర్-410ఏ నింపించుకోవడం మీద ఏ నిషేధమూ లేదు. ఆ గ్యాస్ ఇవాళ్టికీ తయారవుతోంది, అమ్ముతున్నారు. కంప్రెసర్, కాయిల్, మోటారు లాంటి విడిభాగాలకూ రిపేరు కోసం అనుమతి ఉంది.

మాదీ టెక్సాసే. మొన్నటి వేసవిలో మాకూ ఇదే పాట వినిపించారు. వచ్చినతను బయట కండెన్సర్‌కి గేజీలు తగిలించి చూసి, గ్యాస్ తక్కువుందన్నాడు. అంతవరకు బాగానే ఉంది. లీకు ఎక్కడుందో చూపించమంటే మాత్రం అటిక్ ఎక్కలేదు, "ఎక్కడున్నా ఒకటేనండీ, ఎలాగూ బ్యాన్ అయిన గ్యాసే కదా" అన్నాడు. సరిగ్గా ఆ మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది. ఏసీలో గ్యాస్ కారులో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఎక్కడ కారుతోందన్నదాన్ని బట్టే మీ బిల్లు వందల్లో ఉంటుందో వేలల్లో ఉంటుందో తేలుతుంది. "ఎక్కడున్నా ఒకటే" అన్నవాడికి మీ ఏసీ బాగుచేసే ఉద్దేశం లేదన్నమాట.

ఇంకొకతన్ని పిలిచాం. లీకు వెతకడానికి విడిగా డబ్బు తీసుకుంటానని ముందే చెప్పాడు. నా లెక్కలో ఆ డబ్బు వృథా కాదు. డిటెక్టర్‌తో అన్నీ చూసి, ఉన్న గ్యాస్ బయటికి తీసేసి, నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాసి, లోపలి ఎవాపరేటర్ కాయిల్ దగ్గర బుడగలు వస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి చూపించాడు. మా యూనిట్‌కి పదేళ్ళ పార్ట్స్ వారంటీ ఇంకా మిగిలే ఉంది, కొన్న కొత్తలోనే రిజిస్టర్ చేయించి ఉన్నాం. కాయిల్ ఊరికే వచ్చింది. కూలీ, గ్యాస్ ఖర్చు మాది. మొదటతను చెప్పిన మొత్తంలో అది ఏ మూలకూ రాదు.

మీకు అంత సులువు కాకపోవచ్చు. 2015 అంటే పదేళ్ళు దాటాయి, పార్ట్స్ వారంటీ అయిపోయి ఉంటుంది. నేనైతే ఇలా ఆలోచిస్తాను. లీకు సర్వీస్ వాల్వ్ దగ్గరో, కనబడే అతుకు దగ్గరో ఉంటే రిపేరు చేయించేసి హాయిగా ఉంటాను. లోపలి కాయిల్ అయితే కొంచెం తటపటాయింపే. కొత్త కాయిల్ ఖర్చునూ, మిగతా సిస్టమ్ పరిస్థితినీ పక్కపక్కన పెట్టి చూడాలి. కంప్రెసరే పోతే మాత్రం ఇంత వయసున్న యూనిట్‌ మీద డబ్బు పెట్టను. అన్నట్టు, అసలు గ్యాసే తగ్గిందా అన్నది కూడా తేల్చుకోండి. మోటారు తిరగడానికి సాయపడే కెపాసిటర్ పోయినా, ఫిల్టర్ మూసుకుపోయినా, బయటి కాయిల్ నిండా దుమ్ము పట్టినా చల్లదనం తగ్గుతుంది. కెపాసిటర్ అగ్గిపెట్టె ఖరీదని చెప్పను గానీ, సిస్టమ్ ఖరీదులో దాని లెక్క ఎంత!

మరి ఆర్-410ఏ ధర పెరగదా అంటే, పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో అర్థమైతే ఎప్పుడు కంగారుపడాలో కూడా తెలుస్తుంది. ఆ చట్టం కింద ఈ గ్యాసుల తయారీకి, దిగుమతికి కంపెనీలకిచ్చే కోటాని 2024 నుంచి పాత మట్టంలో 60 శాతానికి కుదించారు. 2029లో అది ఒక్కసారిగా 30 శాతానికి పడిపోతుంది. ఆ తరవాత 2034లో 20, 2036లో 15. పైగా ఈ కోటాను కిలోల్లో కొలవరు, గ్యాస్ ఎంత వేడెక్కిస్తుందన్న లెక్కలో కొలుస్తారు. అంటే ఒక పౌను ఆర్-410ఏ తయారు చేయడానికి పట్టే కోటాతో కొత్త యూనిట్లలో వాడే ఆర్-454బి అనే గ్యాస్ దాదాపు నాలుగున్నర పౌన్లు తయారు చేయొచ్చు. ఏ కంపెనీ అయినా ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. పాత యూనిట్ల నుంచి తీసి శుద్ధిచేసిన గ్యాస్‌కి మాత్రం ఈ కోటా అక్కర్లేదు కాబట్టి సరుకు పూర్తిగా దొరక్కుండా పోదు. ఈ లెక్కన, లీకు లేని సిస్టమ్ ఉన్నవాళ్ళకు గ్యాస్ ధర ఎంతున్నా ఒకటే. ఏటా వేసవిలో ఒకటి రెండు పౌన్లు కొట్టించుకుంటూ నెట్టుకొచ్చేవాళ్ళకే 2029 తరవాత జేబుకు చిల్లు.

ఇక కొత్త సిస్టమ్ మాట. మీరు మార్చాలనే నిర్ణయించుకున్నా, "పాత స్టాకులో ఆర్-410ఏ యూనిట్ చౌకగా ఇప్పిస్తాం" అంటే ఒక నిమిషం ఆగండి. 2025కి ముందు తయారైన సరుకును 2026 జనవరి 1 లోపు బిగించేయాలని మొదటి నిబంధనలో ఉంది. గోదాముల్లో సరుకు మిగిలిపోతోందని గోల రావడంతో, ఇళ్ళ ఏసీలకు ఆ బిగింపు గడువు ఎత్తేయాలని 2025 సెప్టెంబరులో ఈపీఏయే ప్రతిపాదించింది. కాబట్టి సంతకం పెట్టే రోజున ఈపీఏ సైటులో నిబంధన ఎలా ఉందో చూసుకోండి, యూనిట్ నేమ్‌ప్లేట్ మీద తయారీ తేదీ కూడా చూడండి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలకు సొంత నిబంధనలున్నాయి, అక్కడివాళ్ళు వాటినీ చూసుకోవాలి. చట్టం ఒప్పుకున్నా సరే, పదిహేనేళ్ళు వాడాల్సిన యంత్రాన్ని తగ్గిపోతున్న గ్యాస్‌తో కొనుక్కోవడం నాకైతే రుచించదు. ధరలో తేడా బాగా గట్టిగా ఉంటే తప్ప.

కొత్తవాటిలో రెండు గ్యాసులున్నాయి. ఆర్-454బి లెక్క 466, ఆర్-32 లెక్క 675. క్యారియర్, ట్రేన్, లెనాక్స్ మొదటిదాని వైపు వెళ్ళాయి. డైకిన్, గుడ్‌మ్యాన్ ఆర్-32 పట్టుకున్నాయి. "ఈ గ్యాసులు మండుతాయట కదా, అటిక్‌లో పెట్టుకుంటే ఇల్లు తగలబడదా" అని మా ఆవిడతో సహా అందరూ అడిగేదే. మండుతాయి, కానీ ఏటూఎల్ అనే తరగతి, అంటే మందకొడిగా మండే రకం. ఆర్-32 అంటుకోవాలంటే గాలిలో దాని వాటా సుమారు 14 శాతానికి చేరాలి, అప్పుడు నిప్పు కూడా తగలాలి. ప్రొపేన్‌కి 2 శాతం చాలు. మీ అటిక్‌లో ఫర్నేస్‌కి నేచురల్ గ్యాస్ లైను ఇప్పటికే ఉండి ఉంటుంది, దాన్ని చూసి మనం ఏనాడైనా నిద్ర మానుకున్నామా! ఇండియాలో మన అమ్మానాన్నల పడగ్గదిలో ఉన్న స్ప్లిట్ ఏసీ స్టిక్కర్ చూడమనండి, గత కొన్నేళ్ళలో కొన్నదైతే ఆర్-32 అనే ఉండే అవకాశం ఎక్కువ.

రెండింట్లో ఏది మేలు అని నన్ను అడిగితే, గ్యాస్‌ని చూసి బ్రాండ్ ఎంచుకోవద్దంటాను. ఆర్-32 ఒకే పదార్థం. ఆర్-454బి మిశ్రమం, అందులోనూ దాదాపు 69 శాతం ఆర్-32యే. 2025 వేసవిలో ఆర్-454బి సిలిండర్లకు కటకట వచ్చి టెక్నీషియన్లు నానా తంటాలు పడ్డ మాట నిజమే. అయినా సైజు సరిగ్గా లెక్కకట్టి, అతుకులు శుభ్రంగా వేసి, గొట్టాల్లో గాలీ తేమా మిగలకుండా వాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి లాగి, అది నిలబడిందో లేదో చూసే మనిషి దొరకడం ఈ రెంటికన్నా ముఖ్యం. పాత యూనిట్ మూడు టన్నులైతే కొత్తదీ మూడు టన్నులే వేసేస్తామనేవాళ్ళను మాన్యువల్ జే లెక్క (ఇంటికి ఎంత సైజు ఏసీ కావాలో తేల్చేది) వేశారా అని అడగండి. లోపలి, బయటి యూనిట్లు జతగా పరీక్షించినవే అని చెప్పే ఏహెచ్ఆర్ఐ నంబరు కొటేషన్‌లో రాయించుకోండి. పర్మిట్ సంగతి సరేసరి.

కొత్త సిస్టమ్‌లో మనకు అలవాటు లేని వస్తువు ఒకటుంది, లీకు సెన్సర్. చాలా సిస్టమ్‌లలో లోపలి కాయిల్ దగ్గర ఉంటుంది. గ్యాస్ పసిగడితే కంప్రెసర్ ఆపేసి, ఒక్కచోట పేరుకోకుండా బ్లోయర్ తిప్పుతుంది. షార్లెట్‌లో ఉండే మా తోడల్లుడు కొత్త సిస్టమ్ పెట్టించిన కొద్దికాలానికే ఫోన్ చేశాడు, చల్లగాలి లేదు, ఫ్యాను మాత్రం ఆపినా ఆగడం లేదని. గ్యాస్ లీకేమోనని ఇంటిల్లిపాదీ బయటికొచ్చి కూర్చున్నారు పాపం. తీరా చూస్తే సెన్సర్ వైరు కనెక్టర్ సరిగ్గా బిగించలేదు. సెన్సర్ నుంచి కబురు రాకపోయినా లీకే అనుకుని అదే పని చేసేలా తయారు చేశారు, అలా ఉండటమే మంచిది కూడా. ఇలా జరిగితే కిటికీలు తెరిచి, నిప్పు జోలికి పోకుండా, టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే చాలు. సెన్సర్‌ని పక్కకు తప్పించి నడిపించే తెలివితేటలు మాత్రం ఎవరు చూపించినా ఒప్పుకోవద్దు. అలాగే, సన్నగా నెలల తరబడి కారే లీకును ఇది పట్టదు. మంట అంటుకునే స్థాయికి చాలా ముందే మోగుతుంది గానీ, బొట్టుబొట్టుగా పోయేది దాని కంట పడదు.

ఒక ప్రమాదకరమైన సలహా కూడా చెలామణీలో ఉంది. పాత ఆర్-410ఏ యూనిట్‌లోనే కొత్త గ్యాస్ నింపేస్తాం, సిస్టమ్ మార్చే ఖర్చు తప్పుతుంది అని. అలా కుదరదు. ఆ గ్యాసులకు ఈపీఏ అనుమతి వాటికోసం తయారైన కొత్త యూనిట్లకు మాత్రమే. పాతవాటిలో సెన్సరూ ఉండదు, మండే గ్యాస్‌కి తగ్గ విద్యుత్ భాగాలూ ఉండవు. ఆన్‌లైన్‌లో 22ఏ లాంటి పేర్లతో అమ్మే డబ్బాల్లో ఉండేది ప్రొపేనే, ఇళ్ళ సెంట్రల్ ఏసీల్లో అది పోయొద్దని ఈపీఏ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. అసలు ఈ గ్యాసుల పని చేయాలంటే టెక్నీషియన్‌కి సెక్షన్ 608 అనే ఈపీఏ సర్టిఫికెట్ ఉండాలి. మీ ఇంటికొచ్చినతన్ని అది చూపించమని అడగడంలో మొహమాటం ఏమీ లేదు. పాత గ్యాస్‌ను గాల్లోకి వదిలేయడం కూడా నేరమే, యంత్రంతో లాగి సిలిండర్‌లోకి ఎక్కించాలి.

2010కి ముందు కట్టిన ఇళ్ళవాళ్ళు ఇది చదువుతుంటే, మీ నేమ్‌ప్లేట్ మీద ఆర్-22 అని ఉందేమో చూసుకోండి. దాని ఉత్పత్తి, దిగుమతి 2020లోనే ఆగిపోయాయి. దాన్ని ఇక రిపేరు చేయించకుండా మార్చేసుకోవడమే నయం.

టాక్స్ క్రెడిట్ వస్తుందని ఆ కొటేషన్‌లో రాశారేమో కూడా చూడండి. హీట్ పంపుకి 2,000 డాలర్లు, ఏసీకి 600 డాలర్ల వరకు వచ్చే ఫెడరల్ క్రెడిట్ 2025 డిసెంబరు 31 లోపు బిగించినవాటితో ముగిసింది. ఇంకా ఆ మొత్తం తీసేసి ధర చూపిస్తుంటే అది పాత కాగితం అనుకోండి. మీ కరెంటు కంపెనీ రిబేటు ఇస్తుంటే అది వేరు, వాళ్ళకే ఫోన్ చేసి కనుక్కోండి.