గాజులు తాకట్టు పెట్టే ముందు

ప్రశ్న: మేం చెన్నై అంబత్తూరులో ఉంటాం. మా అబ్బాయికి 22 ఏళ్లు, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో ఉద్యోగం. ఏడాదిగా నుదుటికి రెండు పక్కలా జుట్టు పలచబడింది. టోపీ లేనిదే గడప దాటడు. మొన్న మా చెల్లెలి కూతురి పెళ్లికీ రాలేదు. జుట్టు నాటించుకుంటాను, నీ గాజులు తాకట్టు పెట్టు అంటున్నాడు. వాళ్ల నాన్నేమో ‘మగాడికి జుట్టేంట్రా’ అని కసురుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీవారి చేత ఆ మాట మాన్పించండమ్మా. పొద్దున్నే తలగడ మీద వెంట్రుకలు లెక్కపెట్టుకుంటూ లేచే కుర్రాడికి అది ఎక్కడ తగులుతుందో ఆయనకు తెలియడం లేదు.

గాజులు మాత్రం ఇప్పుడే తీయకండి. ఈ ఆపరేషన్‌తో కొత్త జుట్టేమీ పుట్టదు. తల వెనక ఉన్న కుదుళ్లను తీసి ముందు నాటతారు, నారుమడిలో నారు పీకి పొలంలో నాటినట్టు. కాకపోతే ఈ నారు మళ్లీ పోసుకునేది కాదు. ఇప్పుడే నుదుటి మీద నిండుగా నాటేస్తే ఆ వరస నిలబడుతుంది, దాని వెనకున్న సొంత జుట్టు మాత్రం ఊడుతూనే ఉంటుంది. ముప్ఫై దాటేసరికి ముందు ఒక వరస, మధ్యలో బోడి! పూడ్చుకుందామంటే వెనక నారు చాలదు. చాలామంది సర్జన్లు 25 దాటేదాకా ఆగమనేది ఇందుకే. ఆ 25 కూడా రాతిమీద గీత కాదు. ఊడటం నెమ్మదించిందా, వాళ్ల నాన్న తల, మీ అన్నదమ్ముల తలలు ఎంతవరకు వచ్చాయి అన్నదీ చూస్తారు. మేనమామ పోలిక ఇక్కడా పనిచేస్తుంది మరి.

‘ఈ నెలాఖరుదాకే ఆఫర్’ అంటూ వచ్చే ఫోన్లకు కంగారుపడకండి. 2016లో మన చెన్నైలోనే జుట్టు నాటించుకున్న 22 ఏళ్ల వైద్య విద్యార్థి రోజుల వ్యవధిలో చనిపోయాడు. అలాంటివి అరుదే. అయినా ఎప్పుడు చేయించుకున్నా, మత్తు ఇచ్చేదెవరు, కోసేది డాక్టరా టెక్నీషియనా అని అడిగి తీరాలి.

ఇప్పటికి మంచి చర్మవైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. తలకు రాసే మినాక్సిడిల్‌కి ఫలితం కనబడాలంటే నాలుగైదు నెలలు పడుతుంది. మొదటి వారాల్లో ఇంకాస్త ఎక్కువ ఊడొచ్చు, భయపడి మానేయకూడదు. ఫినాస్టెరైడ్ మాత్ర డాక్టర్ రాస్తేనే వాడాలి. కొద్దిమంది మగవాళ్లలో అది లైంగిక కోరికను తగ్గిస్తుంది. ఆ సంగతి మీ ముందు అడగడానికి అబ్బాయికి నోరు రాదు. డాక్టర్ గదిలోకి ఒక్కణ్నే పంపి మీరు బయట కూర్చోండి.